రీలోడింగ్‌కి ప్రైమర్ ఎలా ఎంచుకోవాలి: పిస్టల్‌కి ఏది, రివాల్వర్‌కి ఏది, రైఫిల్‌కి ఏది

చిన్నప్పుడు దీపావళికి రీలు తుపాకీ కాల్చే ఉంటారు. ఎర్ర కాగితం రీలు మీద చుక్కంత మందు, దాని మీద సుత్తి పడగానే టప్‌మని పేలేది. కార్ట్రిడ్జ్ అడుగున ఉండే ప్రైమర్ చేసే పని కూడా అదే. కందిగింజంత లోహపు కప్పు, లోపల కొద్దిగా మందు, దాని మీద ఒక బుల్లి లోహపు దిమ్మె. ఫైరింగ్ పిన్ వచ్చి కొడితే కప్పుకీ దిమ్మెకీ మధ్య మందు నలిగి మండుతుంది, ఆ మంట కేస్ (కార్ట్రిడ్జ్‌లోని లోహపు గొట్టం) లోపలి పౌడర్‌ని అంటిస్తుంది.

డల్లాస్ శివార్లలో మా గరాజ్‌లో కొన్నేళ్లుగా రీలోడింగ్ చేస్తున్నాను, అంటే కాల్చిన ఖాళీ కేసుల్లో కొత్త ప్రైమర్, పౌడర్, బుల్లెట్ పెట్టి మళ్లీ కాల్చడానికి సిద్ధం చేయడం. మనవాళ్లలో కొత్తగా మొదలుపెట్టే ప్రతివాళ్లూ ఫోన్ చేసి ముందు అడిగేది ఒకటే: "అన్నా, ఏ కంపెనీ ప్రైమర్ మంచిది?" అది అందరికంటే చివర అడగాల్సిన ప్రశ్న. ముందు కేస్‌ని అడగాలి, తర్వాత పుస్తకాన్ని, ఆ తర్వాత తుపాకీని. ఆ వరసలోనే చెబుతాను.

కొట్టుకి వెళ్లేముందు వీసా చూసుకోండి

ఈ మాట ఇంగ్లిష్ గైడ్లలో కనిపించదు, ఎందుకంటే రాసేవాళ్లకి ఆ అవసరం లేదు. మనకి ఉంది. అమెరికా ఫెడరల్ చట్టంలో 'అమ్యూనిషన్' అంటే తయారైన రౌండ్ (పూర్తి కార్ట్రిడ్జ్) ఒక్కటే కాదు. కేసులు, ప్రైమర్లు, బుల్లెట్లు, పౌడర్ అన్నీ ఆ నిర్వచనంలోకి వస్తాయి. హెచ్1బీ, ఎఫ్1 లాంటి నాన్‌ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ అమ్యూనిషన్ గానీ దగ్గర ఉంచుకోవడం అదే చట్టం ప్రకారం నిషేధం. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్స్ ఉండటం లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. అంటే తుపాకీ లేకపోయినా, స్నేహితుడి కోసమని ఒక డబ్బా ప్రైమర్లు కొని ఇంట్లో పెట్టుకున్నా ఇరుక్కునే అవకాశం ఉంది. గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్లకి ఈ ఇబ్బంది లేదు, రాష్ట్ర చట్టాలు మాత్రం విడిగా చూసుకోవాలి. మీ పరిస్థితి మీద ఏ మాత్రం అనుమానం ఉన్నా లాయర్‌ని అడగండి, రేంజ్‌లో పక్క లేన్ వాడిని కాదు.

ఇండియాలో ఉండి చదువుతున్నవాళ్లకి ఒక్క ముక్క: లైసెన్స్ లేకుండా మందుగుండు తయారుచేయడం ఆయుధాల చట్టం 1959 కింద నేరం. కాబట్టి ఇది మీకు తెలుసుకోవడానికే, చేసి చూడటానికి కాదు. ఇక్కడినుంచి ఊరికి వెళ్లేవాళ్లు రేంజ్‌కి తీసుకెళ్లే బ్యాగ్‌ని విమానానికి వాడొద్దు. ప్రైమర్లు చేతి సంచిలోనే కాదు, చెక్-ఇన్ లగేజీలో కూడా తీసుకెళ్లనివ్వరు. అడుగున మర్చిపోయిన ఒక్క రౌండ్ చాలు, సెలవులన్నీ పోలీస్ స్టేషన్ చుట్టూ తిరగడానికి.

మొదట కేస్ తిరగేసి చూడండి

కాల్చిన ఖాళీ కేస్ తీసుకుని లోపలికి టార్చ్ వేయండి. అడుగున మధ్యలో ఒకే రంధ్రం కనిపిస్తే అది బాక్సర్ పద్ధతి, రీలోడింగ్‌కి పనికొస్తుంది. రెండు చిన్న రంధ్రాలు కనిపిస్తే బెర్డాన్ పద్ధతి, పక్కన పడేయండి. ఇక్కడో తమాషా. బెర్డాన్ అమెరికావాడు, బాక్సర్ బ్రిటన్ సైన్యాధికారి. ఇద్దరూ 1860ల్లోనే ఈ పద్ధతులు కనిపెట్టారు. చివరికి అమెరికావాడి పద్ధతి యూరప్‌లో స్థిరపడింది, బ్రిటన్‌వాడిది అమెరికాలో.

తర్వాత ప్రైమర్ కూర్చునే గుంట సైజు. దీన్నే ప్రైమర్ పాకెట్ అంటారు. రెండే సైజులు: స్మాల్ అంటే 0.175 అంగుళాల వ్యాసం, లార్జ్ అంటే 0.210. పిస్టల్, రివాల్వర్, రైఫిల్ దాదాపు అన్నిటికీ ఈ రెండే. కార్ట్రిడ్జ్ రకాల్లో 9ఎంఎం, .38 స్పెషల్, .357 మాగ్నమ్, .40 ఎస్అండ్‌డబ్ల్యూ స్మాల్ పిస్టల్ తీసుకుంటాయి. .44 మాగ్నమ్, .45 కోల్ట్ లార్జ్ పిస్టల్. రైఫిల్ వైపు .223 రెమింగ్టన్, .300 బ్లాకౌట్ స్మాల్ రైఫిల్; .308, .30-06, .30-30, .300 విన్ మాగ్ లార్జ్ రైఫిల్.

ఈ జాబితా బట్టీపట్టి కేస్ చూడటం మానేయొద్దు. .45 ఏసీపీ మామూలుగా లార్జ్, కానీ కొన్ని ఫ్యాక్టరీ రౌండ్లు స్మాల్ పాకెట్‌తో వస్తాయి. 6.5 క్రీడ్‌మూర్‌లో హార్నడీ కంపెనీ కేసులు మామూలుగా లార్జ్, లపువా కంపెనీవి ఎక్కువగా స్మాల్. .308లో కూడా స్మాల్ పాకెట్ ఉన్న లపువా కేసులు దొరుకుతాయి.

ఇది నాకు అనుభవంలోకి వచ్చింది. రేంజ్‌లో ఏరుకొచ్చిన .45 కేసులు ఒక బకెట్ నిండా ఉన్నాయి. ఒకదాని తర్వాత ఒకటి ప్రెస్‌లో (హ్యాండిల్‌తో ప్రైమర్ నొక్కే యంత్రంలో) ఆడిస్తున్నాను, చెయ్యి లయలో పడింది, మనసు ఎక్కడో ఉంది. ఒక కేస్ దగ్గర హ్యాండిల్ ఆగింది. ఇంకాస్త బలం వేద్దామనే అనిపించింది. ఎందుకో ఆగి కేస్ బయటికి తీస్తే, స్మాల్ పాకెట్ అంచు మీద లార్జ్ ప్రైమర్ సగం నలిగి వంకరగా కూర్చుని ఉంది. ఆ రోజు సేఫ్టీ కళ్లద్దాలు కూడా పెట్టుకోలేదు. అప్పటినుంచి .45 కేసుల్ని టీవీ ముందు కూర్చుని ఒక్కోటీ చూసి రెండు డబ్బాల్లోకి వేరు చేస్తాను, బియ్యంలో రాళ్లు ఏరినట్టు. మీరూ అదే చేయండి. ప్రెస్ హ్యాండిల్ ఆగితే బలం వేయొద్దు, ఆపి చూడండి.

సైన్యం కోసం చేసిన 5.56, 7.62 కేసుల్లో ప్రైమర్ ఊడిపోకుండా పాకెట్ అంచుని లోపలికి నొక్కి ఉంచుతారు. దాన్ని క్రింప్ అంటారు. అది తీసేయకుండా కొత్త ప్రైమర్ కూర్చోదు. తీయడానికి ఆ అంచుని గీసేసే రీమర్ లేదా నొక్కి వెనక్కి తోసే స్వేజింగ్ టూల్ కావాలి. మొదటిసారి చేసేవాళ్లు క్రింప్ లేని కేసులతో మొదలుపెడితే సగం తలనొప్పి తగ్గుతుంది.

పిస్టల్ ప్రైమర్‌నీ రైఫిల్ ప్రైమర్‌నీ కలపొద్దు

కొత్తవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే, అందుకే కాస్త నిదానంగా చెబుతాను.

స్మాల్ పిస్టల్, స్మాల్ రైఫిల్ ప్రైమర్లు పక్కపక్కన పెడితే కంటికి తేడా తెలియదు. వ్యాసం ఒకటే, ఎత్తూ దాదాపు ఒకటే. తేడా కప్పు మందంలో ఉంది. స్మాల్ పిస్టల్ కప్పు సుమారు 0.017 అంగుళాలు. స్మాల్ రైఫిల్ కప్పు రకాన్నిబట్టి 0.020 నుంచి 0.025 దాకా ఉంటుంది. ఈ మందం ఎందుకో ఒత్తిడి అంకెలు చూస్తే తెలుస్తుంది. 9ఎంఎం రౌండ్‌కి అనుమతించే గరిష్ఠ ఒత్తిడి చదరపు అంగుళానికి 35,000 పౌండ్లు. .38 స్పెషల్‌కి 17,000 మాత్రమే. .223కి 55,000, .308కి 62,000. పిస్టల్ ఒత్తిడికి చేసిన పల్చటి కప్పుని .223లో పెడితే ఫైరింగ్ పిన్ తగిలిన చోట చిల్లు పడవచ్చు, వేడి గ్యాస్ బోల్ట్ (కేస్ వెనక మూసుకునే భాగం) లోపలినుంచి మీ ముఖం వైపు వస్తుంది. ఇందులో బేరం లేదు, పిస్టల్ ప్రైమర్ రైఫిల్‌లో వద్దు.

తిరగేసి, స్మాల్ రైఫిల్ ప్రైమర్‌ని పిస్టల్‌లో వాడితే? 2020, 2021లో ప్రైమర్ల కొరత వచ్చిన రోజుల్లో చాలామంది వాడారు. కొన్ని పిస్టళ్లు ఆ మందం కప్పుని పేల్చలేవు, ట్రిగ్గర్ నొక్కితే టిక్‌మని ఊరుకుంటుంది. పేలితే ఒత్తిడి పుస్తకం చెప్పినదానికంటే ఎక్కువ రావచ్చు. నేను వాడను. .454 కసూల్ లాంటి ఒకటీ అరా రివాల్వర్ కార్ట్రిడ్జ్‌లు మొదటినుంచీ స్మాల్ రైఫిల్ ప్రైమర్‌కే తయారయ్యాయి, వాటి సంగతి వేరు. దాని గరిష్ఠ ఒత్తిడి 65,000, రైఫిళ్లతో సమానం.

లార్జ్ సైజులో ఎత్తు కూడా మారుతుంది. లార్జ్ రైఫిల్ ప్రైమర్, లార్జ్ పిస్టల్ ప్రైమర్ కంటే ఓ 0.008 అంగుళం పొడుగు. దాన్ని .45 లేదా .44 కేస్‌లో పెడితే అడుగునుంచి బయటికి పొడుచుకొస్తుంది. సెమీ ఆటోమేటిక్ పిస్టల్‌లో స్లయిడ్ ముందుకొచ్చి గుద్దినప్పుడు పేలే ప్రమాదం ఉంది. రివాల్వర్‌లోనైతే సిలిండర్ తిరగకుండా బిగుసుకుపోతుంది.

ఇప్పుడు పుస్తకం తెరవండి

రీలోడింగ్ మాన్యువల్‌లో ప్రతి రెసిపీ పక్కన కేస్, బుల్లెట్, పౌడర్‌తో పాటు ప్రైమర్ పేరూ నంబరూ ఉంటాయి. కొత్తవాళ్లు పౌడర్ బరువు చూసి ప్రైమర్ వరస దాటేస్తారు. బిర్యానీలో నెయ్యి బదులు నూనె వేసినా బిర్యానీయే అంటాం. ఇక్కడ ఆ వీల్లేదు. ప్రయోగశాలలో ఒత్తిడి కొలిచింది ఆ ప్రైమర్‌తోనే.

స్టాండర్డ్, మాగ్నమ్ అని రెండు రకాలుంటాయి. మాగ్నమ్ ప్రైమర్ ఎక్కువ వేడి మంట, ఎక్కువసేపు ఇస్తుంది. పేరు చూసి .357 మాగ్నమ్ రౌండ్‌కి తప్పనిసరిగా మాగ్నమ్ ప్రైమరే అనుకోకండి. అది నిర్ణయించేది కార్ట్రిడ్జ్ పేరు కాదు, పౌడర్. గుండ్రటి గింజల బాల్ పౌడర్లు అంత సులభంగా అంటుకోవు, వాటికి ఘాటైన మంట కావాలి. హాడ్జ్‌డన్ హెచ్110 దీనికి మంచి ఉదాహరణ. విన్చెస్టర్ 296 పేరుతో అమ్మేదీ అదే పౌడర్. .357, .44 రివాల్వర్ లోడ్లలో (రెసిపీనే లోడ్ అంటారు) దీనికి మాగ్నమ్ ప్రైమర్ వాడతారు. అదే .357 కేస్‌లో త్వరగా మండే పౌడర్‌తో తేలికపాటి లోడ్ చేస్తే స్టాండర్డ్ ప్రైమర్ సరిపోతుంది. రైఫిళ్లలో .300 విన్ మాగ్ లాంటి పెద్ద కేసులకి, గడ్డకట్టే చలిలో వేటకెళ్లేవాళ్ల లోడ్లకి మాగ్నమ్ కనిపిస్తుంది.

పుస్తకం చెప్పిన ప్రైమర్ దొరకలేదు, అదే రకంలో వేరే కంపెనీది దొరికింది. అప్పుడేం చేయాలి? పౌడర్‌ని స్టార్టింగ్ లోడ్‌కి, అంటే మామూలుగా గరిష్ఠం కంటే 10 శాతం కిందికి దించి, అక్కడినుంచి కొద్దికొద్దిగా పెంచుకుంటూ ప్రతి మెట్టులో కాల్చిన కేసులు పరీక్షించాలి. స్టాండర్డ్ నుంచి మాగ్నమ్‌కి మారినా ఇంతే. అదే ప్రైమర్ కొత్త లాట్ (ఫ్యాక్టరీలో ఒక విడతగా చేసినవి) వచ్చినా గరిష్ఠ లోడ్లు కాల్చేవాళ్లు ఒకసారి వెనక్కి వెళ్లి రావడం మంచిది. ఒక మెలిక ఉంది: హెచ్110కి ఈ 10 శాతం సూత్రం పనికిరాదు. దాన్ని పుస్తకం ఇచ్చిన లోడ్ కంటే 3 శాతానికి మించి తగ్గించొద్దని తయారీదారే హెచ్చరిస్తాడు. బాగా తగ్గిస్తే పౌడర్ సరిగా అంటుకోక బుల్లెట్ బ్యారెల్‌లో ఇరుక్కోవచ్చు. ఆ పౌడర్‌కి పుస్తకంలోని ప్రైమరే దొరికేదాకా ఆగండి.

నంబర్లతో జాగ్రత్త. సీసీఐ 200 అంటే లార్జ్ రైఫిల్. ఫెడరల్ 200 అంటే స్మాల్ పిస్టల్ మాగ్నమ్. "200 డబ్బా ఒకటి పట్రా" అని స్నేహితుడికి చెబితే ఏమొస్తుందో దేవుడికే తెలియాలి. సీసీఐలో 500 స్మాల్ పిస్టల్, 550 దాని మాగ్నమ్. 300 లార్జ్ పిస్టల్, 350 దాని మాగ్నమ్. 400 స్మాల్ రైఫిల్, 450 దాని మాగ్నమ్. 200 లార్జ్ రైఫిల్, 250 దాని మాగ్నమ్. ఫెడరల్‌లో 100, 150, 205, 210 అదే వరసలో స్టాండర్డ్ రకాలు. 'ఎం' అక్షరం తోడైతే, ఉదాహరణకి 210ఎం, అది పోటీల కోసం చేసే మ్యాచ్ రకం, మాగ్నమ్ కాదు. అయితే రెమింగ్టన్ తొమ్మిదిన్నర పక్కన 'ఎం' ఉంటే అది మాగ్నమే. విన్చెస్టర్ ఒక్కటే దయతలచి అక్షరాలు వాడింది: డబ్ల్యూఎస్‌పీ అంటే విన్చెస్టర్ స్మాల్ పిస్టల్, డబ్ల్యూఎల్ఆర్ అంటే లార్జ్ రైఫిల్.

తుపాకీ ఎలా కొడుతుందో చూడండి

ప్రతి రౌండ్‌కీ బోల్ట్‌ని చేత్తో తెరిచి మూసే మామూలు బోల్ట్ యాక్షన్ రైఫిల్‌కి పెద్దగా పేచీ లేదు. పుస్తకం చెప్పింది పెట్టండి, చాలు.

రివాల్వర్ దగ్గర కథ మొదలవుతుంది. ట్రిగ్గర్ తేలిగ్గా ఉండాలని స్ప్రింగులు మార్పించుకునేవాళ్లు చాలామంది. నేనూ నా .357కి ఒక గన్‌స్మిత్ (తుపాకులు బాగుచేసేవాడు) దగ్గర మార్పించాను. ట్రిగ్గర్ వెన్నలా అయింది. రేంజ్‌కి వెళితే ఆరింట్లో రెండు పేలలేదు. సుత్తి బలం తగ్గింది, నా దగ్గరున్న ప్రైమర్ కప్పులేమో గట్టివి. గన్‌స్మిత్‌ని తిట్టుకున్నాను గానీ తప్పులో సగం నాదే, ఏ ప్రైమర్ వాడతానో అతనికి చెప్పలేదు. ఫెడరల్ ప్రైమర్లు మిగతావాటికంటే మెత్తగా అంటుకుంటాయని రివాల్వర్ పోటీలకి వెళ్లేవాళ్లు చాలాకాలంగా నమ్మే మాట. నా విషయంలో అది నిజమైంది. స్ప్రింగ్ ముట్టుకోని రివాల్వర్‌కి ఏ కంపెనీదైనా పేలాలి. పేలకపోతే ముందు ప్రైమర్ పూర్తిగా అడుగుదాకా కూర్చుందో లేదో చూడండి. సగం కూర్చున్న ప్రైమర్‌కి మొదటి దెబ్బ దాన్ని లోపలికి తోయడానికే సరిపోతుంది, రెండో దెబ్బకి పేలుతుంది. రెండోసారి పేలినవి ఎక్కువగా ఉంటే తప్పు మీ చేతిదే అన్నమాట.

ఏఆర్-15, ఎం1 గరాండ్, ఎస్‌కేఎస్ లాంటి రైఫిళ్లలో సమస్య దీనికి అచ్చంగా తలకిందులు. వాటిలో ఫైరింగ్ పిన్ వదులుగా తేలుతూ ఉంటుంది. బోల్ట్ ధడేల్‌మని మూసుకున్నప్పుడు పిన్ ముందుకు జారి ప్రైమర్‌ని చిన్నగా గీటుతుంది. ఏఆర్‌లో రౌండ్ చాంబర్‌లోకి పంపి, కాల్చకుండా బయటికి తీసి చూడండి, ప్రైమర్ మీద చుక్కలా గుర్తు కనిపిస్తుంది. అది మామూలే. కానీ కప్పు మెత్తనిదైనా, ప్రైమర్ పైకి పొడుచుకొచ్చినా ట్రిగ్గర్ ముట్టుకోకుండానే పేలవచ్చు. దీన్నే స్లామ్ ఫైర్ అంటారు. అందుకే వీటికి మందం కప్పులు: 5.56 తరహాకి సీసీఐ 41, 7.62 తరహాకి సీసీఐ 34. ఏఆర్‌లో సీసీఐ 450 వాడేవాళ్లూ చాలామంది, దాని కప్పూ మందమే. రెమింగ్టన్ ఆరున్నర నంబర్ స్మాల్ రైఫిల్ ప్రైమర్ మాత్రం .22 హార్నెట్ లాంటి తక్కువ ఒత్తిడి రౌండ్లకి ఉద్దేశించింది, .223కి కాదు. దానికి ఏడున్నర నంబర్ ఉంది.

.30-30 లీవర్ యాక్షన్ రైఫిల్‌లో రౌండ్లు గొట్టంలో ఒకదాని వెనక ఒకటి ఉంటాయి. వెనక రౌండ్ బుల్లెట్ మొన ముందు రౌండ్ ప్రైమర్ మీద ఆనుకుని ఉంటుందన్నమాట. ఇక్కడ ప్రైమర్ ఎంపిక కంటే బుల్లెట్ ఎంపిక ముఖ్యం: మొన చదునుగా ఉన్నది, లేదా ఇలాంటి గొట్టాల కోసమే మెత్తటి మొనతో చేసినది వాడండి.

ఆ తర్వాత కంపెనీ

సీసీఐ, ఫెడరల్, విన్చెస్టర్, రెమింగ్టన్ అమెరికాలో తయారయ్యేవి. బయటివాటిలో ఇటలీ ఫియోకి, చెక్ దేశపు సెల్లియర్ అండ్ బెల్లో తరచూ కనిపిస్తాయి. ఆ చెక్ కంపెనీ 1825లో ప్రాగ్‌లో పుట్టిందే ప్రైమర్లకి తాతలాంటి పెర్కషన్ క్యాపులు చేయడానికి. పై మూడు ప్రశ్నలకి సమాధానం ఒకటే అయినప్పుడు వీటిలో ఏది తీసుకున్నా లక్ష్యం మీద తేడా కనిపించేది చాలా దూరం కాల్చేవాళ్లకే. మ్యాచ్ ప్రైమర్లకి అదనంగా డబ్బు పెట్టడం పిస్టల్ షూటర్‌కి దండగ. ఆ డబ్బుతో ఇంకో వంద రౌండ్లు కాల్చుకోండి.

100 ప్రైమర్ల ట్రేలు పది కలిపితే 1000 డబ్బా. ఆన్‌లైన్‌లో కొంటే హజ్మత్ ఫీజు (ప్రమాదకర సరుకు పంపినందుకు) అని విడిగా వేస్తారు, ఒక డబ్బాకైనా ఐదింటికైనా దాదాపు అంతే. అందుకని నలుగురు కలిసి తెప్పించుకోవడం మామూలు. 2020, 2021 కొరతలో ప్రైమర్లు కొట్లలో కనిపించడమే మానేశాయి, దొరికినచోట ధరలు రెండింతలు మూడింతలు. ఆ భయంతో ఇల్లంతా నింపేయొద్దు. ఎన్ఎఫ్‌పీఏ 495 అనే అగ్నిభద్రతా నియమావళి ఇంట్లో 10,000 ప్రైమర్లకి మించి ఉంచొద్దంటుంది. మీ ఊరి ఫైర్ కోడ్ ఇంకా తక్కువ చెప్పవచ్చు.

ఇంటికి తెచ్చాక

ప్రైమర్లని వాటి ట్రేల్లోనే ఉంచండి. ఊరగాయ జాడీలోనో గాజు సీసాలోనో పోసి పెట్టడం అన్నిటికంటే ప్రమాదం. ట్రేలో ఒక్కోటి విడివిడిగా ఉండేది అందుకే. ఒకటి పేలితే పక్కది అంటుకోకూడదు. సీసాలో పోస్తే అన్నీ ఒకేసారి పేలుతాయి. నూనె, గ్రీజు చేతులతో ముట్టుకోకండి. తడి తగలని, వేడెక్కని చోట, పిల్లలకి అందకుండా తాళం వేసి పెట్టండి. టెక్సస్ ఎండాకాలంలో గరాజ్ అలాంటి చోటు కాదు, నావి ఇంటిలోపల అల్మరాలో ఉంటాయి.

ప్రైమర్ ఎక్కించేటప్పుడు సేఫ్టీ కళ్లద్దాలు తప్పనిసరి. మేజా మీద ఒకే రకం ప్రైమర్ ఉండాలి, రెండో డబ్బా తెరిచేముందు మొదటిది లోపల పెట్టేయాలి. చేత్తో నొక్కే ప్రైమింగ్ టూల్‌తో మొదలుపెడితే ప్రైమర్ అడుగుకి ఆనడం వేళ్లకి తెలుస్తుంది. కూర్చున్నాక కేస్ అడుగు మీద వేలు జరపండి. ప్రైమర్ సమంగా గానీ, మూడు నుంచి ఐదు వేయోవంతుల అంగుళం లోపలికి గానీ ఉండాలి. వేలికి గుబ్బలా తగిలితే ఆ కేస్ పక్కకి. పని అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోండి. మామూలు ప్రైమర్ మందులో సీసం ఉంటుంది, కాల్చిన కేసులు దులిపే దుమ్ములో కూడా.

రేంజ్‌లో రౌండ్ పేలకపోతే తుపాకీ మొన లక్ష్యం వైపే ఉంచి 30 సెకన్లు ఆగి, ఆ తర్వాత తెరవండి. కొన్ని ఆలస్యంగా పేలుతాయి. టప్‌మని చిన్న చప్పుడు వచ్చి చేతికి దెబ్బ తెలియకపోతే ఇంకో రౌండ్ కాల్చొద్దు, బ్యారెల్‌లో బుల్లెట్ ఇరుక్కుని ఉండవచ్చు. కాల్చిన కేసుల్ని తెచ్చి ప్రైమర్ల ముఖం చూడండి. అంచులు చదునుగా పాకెట్ నిండా పరుచుకుంటే, పిన్ గుర్తు చుట్టూ గట్టులా లేస్తే, చిల్లు పడితే ఒత్తిడి ఎక్కువైందని అనుమానించి లోడ్ దించండి. మెత్తటి కప్పు తక్కువ ఒత్తిడికే చదునవుతుంది కాబట్టి ఈ ఒక్క గుర్తు చూసి నిశ్చింతగా ఉండొద్దు, పుస్తకం గరిష్ఠం దాటొద్దు.

తయారైన రౌండ్ల డబ్బా మీద తేదీ, కేస్, బుల్లెట్ బరువు, పౌడర్ పేరు, బరువు, ప్రైమర్ కంపెనీ, నంబర్, లాట్ నంబర్ రాసి అతికించండి. నా అల్మరాలో ఏమీ రాయని 50 .38 రౌండ్ల డబ్బా ఒకటి ఉండేది. ఏ ప్రైమరో ఏ పౌడరో గుర్తు రాక ఒక ఆదివారమంతా కూర్చుని ఒక్కోటీ విప్పదీశాను.